రాయని రోజులు

పోలీస్ స్టేషన్ నుంచి ఫోను వచ్చేసరికి హైమావతి వంటింట్లో మెంతికూర తుంచుతోంది.

"గొర్లె తవిటయ్య మీకేమవుతారండీ?" అన్నాడు అవతలి మనిషి.

"మా అన్నయ్య. ఏమైంది?"

"ఆయనకేం కాలేదండీ, బాగానే ఉన్నారు. కాకపోతే..." అతను గొంతు సవరించుకున్నాడు. "పొద్దున్న ఏడింటికే వచ్చి బల్లమీద కూర్చున్నారు. ఆరేళ్ల పిల్లని చంపేశానంటున్నారు. పిల్ల పేరు గోస్తని అట. ఎక్కడ జరిగిందయ్యా అంటే వంశధారలో అంటారు. మేం ఆ నది ఒడ్డునున్న స్టేషన్లన్నిటికీ ఫోన్లు చేశాం. అలాంటి కేసేదీ లేదంటున్నారు. మీరొకసారి రావాలి."

హైమావతి మెంతికూర పక్కన పెట్టి లేచింది. గోస్తని ఎవరో ఈ లోకంలో అందరికంటే ముందు తెలిసింది ఆమెకే. ఆ పిల్లకి పేరు పెట్టింది ఆమె. ఆ పిల్లని చంపిందీ ఆమే.

స్టేషన్లో తవిటయ్య ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని, పెళ్ళికి వచ్చిన మనిషిలా కూర్చుని ఉన్నాడు. కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ముప్పై రెండేళ్ళు ఓడరేవులో క్రేను నడిపి మొన్ననే రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. తండ్రి పోయినప్పుడు తొమ్మిదేళ్ళదైన చెల్లెల్ని చదివించి, టీచరమ్మని చేసి, ఆమె భర్త పోయాక మళ్ళీ తన ఇంటికే తెచ్చుకున్నాడు.

"నువ్వెందుకొచ్చీసావే?" అన్నాడు ఆమెని చూసి. "నాను సెప్పాల్సింది సెప్పీసాను. ఇంక ఈ పోలీసోల పని."

"అన్నయ్యా, అది కథ. నేను రాసిన కథ. నీకు తెలుసు కదా."

"తెల్దని ఎవులన్నారు? తలకాయికి తెలుసు." కుడిచెయ్యి ఎత్తి ఆమె ముఖం ముందు పెట్టాడు. "దీనికి తెల్దు. మీట లాగింది ఇదే. తలుపవతల గుంట నానా, నానా అని పిలుస్తంది. నాను ఆగలేదు. లాగీసాను."

ఎస్సై చిన్నవాడు. ఆమెని పక్కకి పిలిచి, ఆ కథ ఏ సీరియల్‌దో ఆమె చెబితే విని, నెమ్మదిగా అన్నాడు: "ఆ సీరియల్ మా ఇంట్లోనూ చూస్తారు మేడం. సరంగు భద్రయ్య అంటే మా ఆవిడకి ప్రాణం. కానీ ఇదేం జబ్బండీ? మనిషి మాట్లాడుతుంటే పిచ్చివాడిలా లేడు. నిజంగా పిల్ల పోయినవాళ్ళని నేను చూశాను. అచ్చం అలాగే ఉన్నాడు."

 హైమావతి వాళ్ళు చూపించిన చోట సంతకం పెట్టి అన్నయ్యని ఇంటికి తీసుకొచ్చింది. ఆటోలో అతను ఒక్కమాటే అన్నాడు: "ఆ పోలీసోలు కొట్టీసినా బాగుణ్ణే."

* * *

"తొమ్మిదో రేవు" సీరియల్ అప్పటికి దాదాపు మూడేళ్ళుగా ప్రతి శనివారం వస్తోంది. ఇప్పటికి రెండువందల ఏళ్ళ తర్వాత, నాలుగువందల మంది తెలుగువాళ్ళు వంశధార అనే ఆకాశనౌకలో బయల్దేరి బతకడానికి వీలైన నేల కోసం వెతుక్కుంటూ పోతుంటారు. ఎనిమిది గ్రహాల్లో దిగారు, ఎనిమిదింటినీ వదులుకున్నారు. నౌక నడిపే పెద్దని పాత పడవలవాళ్ళ మాటతో సరంగు అంటారు. నౌకలో పుట్టిన పిల్లలకి వదిలొచ్చిన భూమ్మీది నదుల పేర్లు పెట్టుకుంటారు. సరంగు భద్రయ్య దేనికీ బెదరడు, ఎవరినీ దూరం పెట్టడు. కానీ పిల్లల ముఖంలోకి మాత్రం చూడడు. ఎందుకు చూడడో నూట నలభై భాగాల్లో ఎక్కడా చెప్పలేదు. ప్రేక్షకులు అడిగి అడిగి అలిసిపోయారు.

ఆ సీరియల్ లోకాన్ని ఆధారం చేసుకుని హైమావతి అప్పటికే రెండు నవలలు రాసింది. తెరమీద చూపించడానికి వీల్లేని సందులూ గొందులూ అన్నీ ఆమె పుస్తకాల్లో ఉండేవి: నౌకలో మంత్రసాని ఎవరు, పప్పు ఎక్కడ పండిస్తారు, చనిపోయినవాళ్ళని ఏం చేస్తారు. నిర్మాత వేమూరి కిరీటి ఒకరోజు పిలిచి, "భద్రయ్య సంగతి మీ మూడో నవలలో తేల్చేద్దాం మేడం" అన్నాడు. "అది తెరమీద రాదు. పుస్తకంలోనే ఉంటుంది. అతనికో పాప ఉండేదని రాయండి. ఒక షరతు. పాప బతకకూడదు. బతికితే సీరియల్‌తో పొంతన కుదరదు."

ఆమె రాసింది. భద్రయ్యకి తల్లిలేని కూతురు. పేరు గోస్తని, పిలిచేది తని. ఆరేళ్ళది. ఒకనాడు నౌక పక్కగోడకి చిల్లు పడి గాలి బయటికి పోతుంటే, నాలుగువందల మందిని కాపాడటానికి భద్రయ్య మీట లాగి చిల్లు పడ్డ గది తలుపు మూసెయ్యాలి. తని ఆ గదిలో దాక్కుని ఉంది. అంతకు ముందే ఏదో అల్లరి చేస్తే తండ్రి కోప్పడ్డాడు. తలుపు కిందికి దిగుతుంటే పిల్ల అది తనకి వేసిన శిక్ష అనుకుంది. "నాన్నా, తలుపు తియ్యి. నేను బుద్ధిగా ఉంటాను" అంది.

ఆ వాక్యాన్ని హైమావతి మూడుసార్లు తిరగరాసింది. మూడోసారి కుదిరిందనిపించాక, లేచి టీ పెట్టుకుని తృప్తిగా తాగింది. ఆ సంగతి ఆమెకి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

స్టూడియో వెనకున్న మేడలో డాక్టర్ రజియా ప్రయోగశాల ఉంది. పక్షవాతంతో గతం మరిచిపోయిన రోగులకి, ఇంట్లోవాళ్ళు చెప్పే సంగతుల్ని మళ్ళీ జ్ఞాపకాలుగా ఎక్కించడానికి ఆవిడ పన్నెండేళ్ళు కష్టపడి ఒక టోపీ తయారుచేసింది. ఒకరు ఆ టోపీ పెట్టుకుని ఒక సంఘటనని కళ్ళకి కట్టినట్టు తలుచుకుంటే, దాని ముద్ర నమోదవుతుంది. ఇంకొకరు పెట్టుకుని నలభై నిమిషాలు కూర్చుంటే, అది వాళ్ళకి జరిగిన సంగతిగా మిగిలిపోతుంది. ఆ ప్రయోగశాలని పోషిస్తున్నది కిరీటి కంపెనీ. రోగులకి పనికొచ్చినది పాఠకులకి పనికిరాదా అని కిరీటికి తోచింది. నవల చదవడం కాదు, గుర్తుండిపోవడం.

హైమావతి ఎనిమిది రోజులు ఆ కుర్చీలో కూర్చుంది. నవల మొత్తం పట్టదు కాబట్టి తండ్రీకూతుళ్ళ పద్నాలుగు సన్నివేశాలు ఎంచుకున్నారు. "చదవకండి హైమావతి గారూ, నిన్న జరిగినట్టు తలుచుకోండి," అనేది రజియా. తని మొదటి అడుగు, తని జుట్టు దువ్వడం, తని జ్వరం, చివరికి తలుపు. మొదటి పాఠకులుగా పన్నెండుమంది అభిమానులు కావాలన్నప్పుడు, దరఖాస్తు పెట్టినవాళ్ళలో తవిటయ్య ఉన్నాడు. ఒక్క భాగం కూడా వదలకుండా చూసిన మనిషి. అతని కాగితంమీద సిఫార్సు సంతకం పెట్టింది హైమావతే.

టోపీ తీశాక అతను నవ్వుతూ బయటికొచ్చాడు. "ఎంత అందమైన గుంటే!" అన్నాడు. మూడురోజులు తని కబుర్లే. నాలుగోరోజు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. పదకొండోరోజు స్టేషన్‌కి వెళ్ళాడు.

* * *

రజియా అతని తలని గంటసేపు పరీక్షించి, బయటికొచ్చి హైమావతి పక్కన కూర్చుంది. 

"నా రోగులకి ఎక్కించినవి వాళ్ళ సొంత సంగతులు," అంది. "ఇంట్లో ఆ సంగతులకి చోటు ఉంటుంది. ఫొటోలుంటాయి, మనుషులుంటారు, ఆ మనిషి పోతే పోయిన తర్వాత రోజులుంటాయి. మీ అన్నయ్యగారికి పాప చనిపోవడం ఉంది. ఆ తర్వాతి కాలం లేదు. ఏళ్ళు గడిస్తే మానే గాయం ఆయనకి మొన్ననే తగిలింది."

"తీసెయ్యలేరా?"

"తీసెయ్యలేను. కప్పగలను. పాప అసలు పుట్టలేదన్న ఇంకో ముద్ర దానిమీద వెయ్యొచ్చు. కొన్నాళ్ళకి పాత ముద్ర అడుక్కి పోతుంది."

లోపల్నుంచి తవిటయ్య గొంతు వినిపించింది. తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నాడు.

"వొద్దు," అన్నాడు.

"అన్నయ్యా..."

"వొద్దన్నాను కదేటి. ఒకసారి సంపీసాను. రెండోసారి పుట్టకండా సేసీమంటారా?" వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "నాకింకోటి కావాలి. సెల్లీ, నువ్వు నాకు పద్నాలుగు రోజులే ఇచ్చావు. ఆ గుంట ఆరేళ్ళు బతికింది కదా. మిగతా రోజులేటి సేసింది? తలుసుకుందారంటే గోడ తగులుతుంది. ఏటి తినీది? ఎవులితో ఆడీది? ఒక్క పుట్టినరోజైనా గురుతు లేదే. కన్నతండ్రికి కూతురి పుట్టినరోజు గురుతుండదా?"

ఆ సాయంత్రం నుంచి అదే వాళ్ళ దినచర్య అయింది. అతను అడిగేవాడు, ఆమె చెప్పేది. తనికి చింతపండు చారంటే ఇష్టం. చేదు మందు మింగించాలంటే ముగ్గురు పట్టుకోవాలి. వరాహ అనే ఇంకో పిల్లతో స్నేహం, రోజుకోసారి పచ్చి కొట్టుకుని మాటలు మానేసేవాళ్ళు. అయిదో పుట్టినరోజుకి నౌకలో వంటమనిషి గుమ్మడికాయ హల్వా చేశాడు. ఆమెకి అవన్నీ అలవోకగా వచ్చేవి. అది ఆమె వృత్తి. అతను కళ్ళు మూసుకుని వినేవాడు. విన్న కాసేపు ముఖం తేటపడేది. తర్వాత తల అడ్డంగా ఊపేవాడు.

"బాగుంది. కానీ ఇది నువ్వు సెప్తన్నావు. నాకు గురుతు రాడం లేదు."

ఒక మధ్యాహ్నం గేటు దగ్గర ఒకావిడ వచ్చి నిలబడింది. పేరు లలితాంబ. బ్యాంకులో పనిచేస్తుంది. పన్నెండుమందిలో ఆమె ఒకరు.

"మీరేనా అండీ రాసినావిడ?" అంది. తిట్టడానికి వచ్చిందనుకుంది హైమావతి. కానీ ఆవిడ లోపలికొచ్చి, మంచినీళ్ళు తాగి, తలొంచుకుని చెప్పింది. "నాకిద్దరు అబ్బాయిలండీ. అన్నం వడ్డించేటప్పుడు మూడో కంచం పెట్టేస్తున్నాను. మా చిన్నవాడు నిన్న, అమ్మా ఇదెవరికే అన్నాడు. ఏం చెప్పను? పెట్టిన కంచం తియ్యలేక వెనకింటి కుక్కకి పెట్టాను." గ్లాసు కింద పెట్టి అడిగింది: "ఆ పాపకి... నొప్పి తెలిసిందంటారా?"

పక్కగదిలోంచి తవిటయ్య వచ్చాడు. ఇద్దరూ ఒకర్నొకరు ఎప్పుడూ చూడలేదు. "మీకూ తని కూతురేనా అమ్మా?" అన్నాడతను. లలితాంబ తలూపింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ వసారాలో కూర్చుని, ఒకే పిల్ల గురించి, ఆ పద్నాలుగు రోజుల గురించే, మార్చి మార్చి చెప్పుకున్నారు. హైమావతి టీ ఇచ్చి లోపలికి పోయింది. తను రాసిన పిల్ల గురించి మాట్లాడుకుంటున్న చోట కూర్చునే హక్కు తనకి లేదనిపించింది.

* * *

"పన్నెండుమందిలో అయిదుగురికి ఏ ఇబ్బందీ లేదు మేడం," అన్నాడు కిరీటి. నలభై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. ఆమెని కూర్చోబెట్టి తనే ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. "ఇంకోటి ఉంటే ఇప్పించండి అంటున్నారు. నలుగురు కొంచెం దిగులుగా ఉన్నారు. ముగ్గురికి మాత్రం బాగా తగిలింది. వాళ్ళకి వైద్యం మేమే చేయిస్తాం. మీ అన్నయ్యగారికి కూడా. నేను కాదనను."

"విడుదల ఆపండి కిరీటి గారూ."

"ఎందుకాపాలి? ముందే హెచ్చరిక రాస్తాం. గుండెజబ్బు ఉన్నవాళ్ళనీ, పిల్లలు పోయినవాళ్ళనీ తీసుకోం. మీరొక మాట చెప్పండి. మీ మొదటి నవలలో మంత్రసాని చనిపోతే మా అమ్మ రెండురోజులు అన్నం తినలేదు. అప్పుడు మీరు సంతోషించారా, బాధపడ్డారా?"

ఆమె నిజం చెప్పింది. "సంతోషించాను."

"ఇదీ అదే. ఇంకొంచెం గట్టిగా, అంతే. ఏడిపించని కథ ఎవరికి కావాలి? ఆ తలుపు సన్నివేశం మీ జీవితంలో మీరు రాసిన గొప్ప సన్నివేశం మేడం. దాన్ని మీరే తప్పంటారేమిటి?"

ఆమె లేచి వచ్చేసింది. అతను చెప్పినదాంట్లో ఏది తప్పో ఆమె వేలు పెట్టి చూపించలేకపోయింది. రాసినావిడకి నొప్పి తెలియదు. రాసేటప్పుడు తలుపుకి ఇవతలా అవతలా కూడా తనే ఉంది. ఇవతల మాత్రమే ఉండడం ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు.

తిన్నగా రజియా దగ్గరికి వెళ్ళింది. "నాకు పెట్టండి," అంది.

"అది మీ తలలోంచి వచ్చిందే కదా. మీకేం కొత్తగా ఉండకపోవచ్చు," అంది రజియా. తర్వాత, "కానీ నాకు తెలియదు. తెలియదని ఈమధ్యే ఒప్పుకోవడం నేర్చుకుంటున్నాను," అంది.

టోపీ కింద ఏమీ జరగలేదు. చెవుల దగ్గర చిన్న జుమ్మన్న చప్పుడు, నుదుటిమీద చల్లదనం, ఒక చిన్న కునుకు. నలభై నిమిషాల తర్వాత లేచి, పని చెయ్యలేదనుకుంటూ బయటికొచ్చింది. ఆటో ఎక్కింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్క స్కూటర్‌మీద ఒక తండ్రి ముందు ఒక పిల్ల నిలబడి ఉంది. "తని కూడా ఇలాగే నిలబడేది" అనుకుంది హైమావతి.

అది జ్ఞాపకం. కలలా రాలేదు, బొమ్మలా రాలేదు. పోయినేటి సంగతి గుర్తొచ్చినట్టు మామూలుగా వచ్చింది. భుజంమీద ఆ పిల్ల బరువు ఆమెకి తెలుసు. మాడులో చెమట వాసన తెలుసు. జ్వరం వచ్చిన రాత్రి ఆ అరచేయి ఎంత కాలిందో తెలుసు. చివరిది గుర్తు రాకుండా ఉండాలని ఆటో కమ్మీ పట్టుకుంది. కానీ గుర్తు రాకుండా ఉండడం ఎవరి చేతుల్లో ఉంటుంది? మీట చల్లగా ఉంది. అది ఒక్క లాగుకి దిగలేదు. రెండోసారి లాగింది. నేను బుద్ధిగా ఉంటాను.

"అమ్మా, ఏటైంది, ఆసుపత్రికి తీసుకెళ్ళనా?" అంటున్నాడు ఆటో అతను.

ఇంటికి వెళ్ళేసరికి తవిటయ్య వసారాలో ఉన్నాడు. ఆమె నడిచి వచ్చిన తీరు చూసే అతనికి అర్థమైంది. లేచి ఆమె కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఎందుకు సేసావే యెర్రిదానా," అన్నాడు. "ఒకలం సాలమా?"

ఆ రాత్రి అతను ఏమీ అడగలేదు. మర్నాడు అలవాటుగా, "తని ఇస్కూల్లో ఎలాగుండీదే?" అన్నాడు. హైమావతి నోరు తెరిచింది.  నిన్నటిదాకా చిటికెలో అల్లేసేది. ఇప్పుడు ఏం చెప్పబోయినా, పోయిన పిల్లమీద అబద్ధం చెబుతున్నట్టుంది. ఆమెకీ పద్నాలుగు రోజులే తెలుసు. మిగతా రోజుల దగ్గర ఆమెకీ గోడే తగిలింది.

"నాకు తెలియదన్నయ్యా," అంది. ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదలు.

* * *

విడుదలకి ముందు ప్రయోగశాల అధికారిగా రజియా ఒక పత్రంమీద సంతకం చెయ్యాలి. ఆ రోజు మేడమీది గదిలో కిరీటి, అతని ఇద్దరు మనుషులు, రజియా ఉన్నారు. హైమావతి పిలవకుండానే వెళ్ళింది. వెంట తవిటయ్యా లలితాంబా ఉన్నారు.

"అరవడానికి రాలేదు," అంది హైమావతి. "ఒక్కటే అడుగుతాను. కిరీటి గారూ, మీరు ఇంతవరకూ టోపీ పెట్టుకోలేదు. పెట్టుకోండి. పెట్టుకుని, రేపు ఇదే బల్ల దగ్గర కూర్చుని విడుదల చేద్దాం అంటే, నేను మళ్ళీ నోరెత్తను."

కిరీటి నవ్వాడు. "నేను నిర్మాతని మేడం. విందు చేయించినవాడు విందు తినాలని లేదు."

"రుచి చూడకుండా వడ్డించరు కదా బాబూ," అంది లలితాంబ. ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది.

 కిరీటి తన మనుషుల వైపు చూశాడు. వాళ్ళు కిటికీ బయటికి చూస్తున్నారు. "సరే," అన్నాడు. కుర్చీలోకి వెళ్ళి కూర్చుని, చొక్కా పై బొత్తాం విప్పుకున్నాడు. రజియా టోపీ తీసుకొచ్చి అతని చేతికిచ్చింది. అతను దాన్ని తిరగేసి లోపల చూశాడు.

"తర్వాత వెనక్కి తియ్యలేరు. అంతేగా?"

"తియ్యలేను," అంది రజియా.

"కప్పగలరు."

"కప్పగలను. మీ అసలు జ్ఞాపకాల్లో దేనికి దగ్గరగా పడుతుందో చెప్పలేను. అది కప్పేటప్పుడు పక్కనున్నది కూడా కొంత మసకబారొచ్చు."

"పక్కనున్నది అంటే?"

"మీకు పిల్లలున్నారా?"

అతను టోపీ అంచుని బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు. "మా పాపని ఈ ఏడే బళ్ళో వేశాం," అన్నాడు ఎవరితోనో. "పొద్దున్న వదలడానికి వెళ్తే గేటు దగ్గర చెయ్యి వదలదు. నేనే విడిపించుకుని వస్తాను."

తవిటయ్య ముందుకొచ్చాడు. అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డవాడు, కిరీటి ముందు నేలమీద గొంతుక్కూర్చున్నాడు.

"పెట్టుకోకు బాబూ," అన్నాడు నెమ్మదిగా. "మా సెల్లి కోపంమీద అంటంది. నువ్వు పెట్టుకోవద్దు. ఇది ఎవులికీ వొద్దు."

కిరీటి అతన్ని చూశాడు.  తర్వాత టోపీని కుర్చీ చేతిమీద పెట్టి లేచాడు. 

రజియా పత్రాన్ని రెండుగా మడిచి, సంతకం చెయ్యకుండానే తన చేతిసంచిలో పెట్టుకుంది. "ఈ యంత్రాన్ని నా రోగుల దగ్గరికి తిరిగి తీసుకెళ్తున్నాను," అంది. "వాళ్ళకి కూడా ఇవ్వాలో లేదో ముందు తేల్చుకుంటాను."

కిరీటి ఆపలేదు. తలుపు దాకా వెళ్ళి ఆగి, "నవల మామూలుగా అచ్చువేస్తాం మేడం," అన్నాడు వెనక్కి తిరగకుండా. "తర్వాతి పుస్తకానికి మాత్రం ఇంకెవరినైనా చూసుకుంటాం. మీరేమీ అనుకోకండి."

* * *

నవల అచ్చయింది. ఉత్తరాలొచ్చాయి. తలుపు సన్నివేశం దగ్గర పుస్తకం మూసేసి ఏడ్చామని, ముఖం కడుక్కుని మళ్ళీ చదివామని, మర్నాడు పక్కింటావిడకి ఇచ్చామని రాశారు. హైమావతి ఒక్కో ఉత్తరం రెండుసార్లు చదివేది. వాళ్ళని తలుచుకుంటే ఆమెకి అసూయగా ఉండేది.

నాలుగో నవల ఎవరో రాశారు. ఆమె ట్యూషన్లు చెప్పడం మొదలుపెట్టింది. పన్నెండుమందిలో ఇద్దరు కప్పించుకున్నారు. వాళ్ళలో ఒకాయన తన చెల్లెలి చిన్నతనం కూడా సరిగ్గా గుర్తు రావడం లేదని రజియాకి ఫోను చేశాడు. మిగతావాళ్ళు నెలకోసారి పరీక్షకి వస్తారు. లలితాంబ ఇప్పటికీ అప్పుడప్పుడు మూడో కంచం తీస్తుంది, కానీ వడ్డించకుండా లోపల పెట్టేస్తుంది.

తవిటయ్య తింటున్నాడు. నిద్రపోతున్నాడు. కుడిచేత్తో తలుపు గడియ వెయ్యడు, ఎడమచేత్తోనే వేస్తాడు. ఆమె కూడా అంతే.

వానలు మొదలయ్యాక ఒకరోజు ఇద్దరూ రజియా దగ్గరికి సిటీ బస్సులో వెళ్తున్నారు. ఎదురు సీట్లో ఒక తల్లి, ఒళ్ళో నాలుగేళ్ళ పిల్ల. పిల్లకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. తల్లి వీపు నిమురుతూ నీళ్ళసీసా మూత తిప్పుతోంది. ఎక్కిలి వచ్చినప్పుడల్లా పిల్ల ఉలిక్కిపడి చుట్టూ చూస్తోంది.

తవిటయ్య ఫక్కున నవ్వాడు. అతను నవ్వి ఆరునెలలైంది.

"తని కూడా అంతే కదే," అన్నాడు. "ఎక్కిళ్ళొస్తే ఎవులో లోపల్నుంచి తోస్తన్నారనీది. ఎవుల్నువ్వు, బయటికి రా అని పొట్టమీద కొట్టుకునీది."

హైమావతి అన్నయ్య ముఖంలోకి చూసింది. ఆ పద్నాలుగు రోజుల్లో ఎక్కిళ్ళు లేవు. ఆమె రాయలేదు. టోపీ కింద తలుచుకోలేదు. వసారాలో కూర్చుని అల్లి చెప్పినవాటిలోనూ లేవు. తన జ్ఞాపకంలో వెతికింది. గోడే తగిలింది. అయినా అతను చెబుతున్నది వినో, కల్పించో చెబుతున్న మాటలా లేదు. బస్సు అద్దంమీద జారుతున్న వాననీళ్ళని చూస్తూ, అప్పుడే జరిగినదాన్ని చెబుతున్నట్టు చెబుతున్నాడు.

ఇంకో పావుగంటలో రజియా ముందు కూర్చోవాలి. కొత్తగా ఏమైనా గుర్తొచ్చిందా అని ఆవిడ ప్రతిసారీ అడుగుతుంది. ఇది ఆవిడకి చెప్పాలి. చెబితే ఆవిడ ముఖం ఎలా మారుతుందో హైమావతికి తెలుసు. ఆ ముద్ర ఎండిపోవడం లేదు. అన్నయ్య తలలో వేళ్ళు తన్ని పెరుగుతోంది. అది జబ్బు ముదరడమో, మానడమో ఎవరికీ తెలియదు. ఎక్కడిదాకా పెరుగుతుందో, దేన్ని తోసేస్తుందో తెలియదు.

భయపడాలని తెలుసు. భయపడింది కూడా. కానీ తనకి తెలియని రోజు ఒకటి అతని దగ్గరుంది. అది వినకుండా ఉండడం ఆమెవల్ల కాలేదు.

బస్సు మలుపు తిరిగింది. ఎదురుగా పిల్లకి ఎక్కిళ్ళు ఆగిపోయాయి.

ఆమె అన్నయ్య వైపు జరిగి కూర్చుంది.

"తర్వాత ఏం చేసింది?" అని అడిగింది.